క్యాసెట్ల పెట్టెలను కబాడీకి వేసేముందు

పోస్టు పొడుగ్గా ఉంటుంది. టీ దగ్గర పెట్టుకుని చదవండి. సగం చదివి బొటనవేలు గుర్తు పెట్టేవాళ్లకు ముందే దండం.

మొన్నటి మీటింగులో చివరి ఐదు నిమిషాల్లో, అందరూ చెప్పులు వెతుక్కునే వేళ, ఒక తీర్మానం అయిపోయింది. హాలు వెనక గోదాంలో ఉన్న రెండు అట్టపెట్టెల క్యాసెట్ల సంగతి అది. మన సభ్యుల ఇళ్లలో రేడియోలోంచి ఎక్కించుకున్న టేపులు అవి, వందకు అటూ ఇటూగా ఉంటాయి. వాటిని టేప్‌రికార్డర్‌లో వేసి, ఎదురుగా ఫోను పెట్టి రికార్డు చేసి, ఏఐ యాప్‌తో గోల తీసేసి, ఉగాదికి అరగంట వీడియో చేయాలట. ఆ తర్వాత క్యాసెట్లను కబాడీకి వేసేయాలట. గోదాంలో ప్లాస్టిక్ కుర్చీలకు చోటు కావాలి కాబట్టి.

మేము నలుగురం వద్దన్నాం. మినిట్స్‌లో "కొందరు సభ్యులు సాంకేతిక సందేహాలు వెలిబుచ్చారు" అని ఎక్కింది. మేము వెలిబుచ్చింది సందేహం కాదు, అభ్యంతరం. ఆ రోజు చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాం.

ముందు ఆ పెట్టెల్లో ఏముందో చూద్దాం. చేతులెత్తినవాళ్లలో చాలామంది మూత తీసి చూసినవాళ్లు కారు.

బీదరులో తెలుగు రేడియో అంటే హైదరాబాదే. నిజాం కాలపు దక్కన్ రేడియో ఉర్దూతోపాటు తెలుగు, కన్నడ, మరాఠీల్లో కూడా మాట్లాడేది. 1950లో అది ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం అయింది. 1956 నవంబర్ 1న మన ఊరు మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది, జహీరాబాద్, నారాయణఖేడ్ అటు వెళ్లాయి. బడిలో తెలుగు తగ్గింది, కచేరీలో తెలుగు పోయింది. రేడియోకు మాత్రం సరిహద్దు గేటు లేదు. గాలిదారిన మనకూ హైదరాబాదుకూ 120 కిలోమీటర్లకు లోపే. మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు ఆపితే పొద్దున్నే ఇంట్లో తెలుగు మోగేది. రాత్రయితే 837 మీద విజయవాడ కూడా వచ్చేది, 350 కిలోమీటర్లు దాటి, ఉబ్బుతూ తగ్గుతూ, సముద్రంలో పడవలాగా. భక్తిరంజని కోసం తెల్లవారుజామున లేచి విజయవాడ పట్టడానికి కుస్తీ పట్టిన తాతలు మన సంఘంలో ఇంకా ఉన్నారు.

ఆ టేపుల్లో కొన్ని టూ ఇన్ వన్ సెట్టులో నేరుగా ఎక్కినవి. వాటిలో రేడియో తప్ప ఇంకేమీ వినపడదు. మిగతావి రేడియో ముందు వేరే టేప్‌రికార్డర్ పెట్టి, మైకుతో ఎక్కించినవి. మేము విన్న నాలుగైదింటిలోనే ఏమున్నాయో చెబుతాం. ఒకదాంట్లో రేడియో నాటకం నడుస్తుంటే వెనక ఒక అవ్వ "జర ఆగరా, ఉల్లిగడ్డ మాడుతున్నది" అంటుంది. ఇంకోదాంట్లో వార్తల మధ్య దూరంగా అజాన్, ఆ వెనకే టాంగా గజ్జెలు. మరోదాంట్లో తండ్రి కూతురికి వార్తల్లోని ఒక మాటకు అర్థం చెబుతాడు. సగం తెలుగు, పావు కన్నడ, పావు దక్కనీ. కూతురు ఆ మాటను మూడుసార్లు పలికి చూసుకుంటుంది.

పక్కపక్కనే రెండు తెలుగులు ఉన్నాయి ఆ టేపులో. ఒకటి స్టూడియోలో కూర్చుని అచ్చుగుద్దినట్టు పలికిన తెలుగు. రెండోది దాన్ని వింటున్న బీదరు తెలుగు. మొదటిదాని కాపీ ఎక్కడో ఒకచోట దొరకవచ్చు. రెండోది ప్రపంచంలో ఆ ఒక్క రిబ్బను మీదే ఉంది.

ఇప్పుడు యాప్ సంగతి. గోల తీసే యాప్ ఏం చేస్తుంది? ప్రధానమైన గొంతు ఏదో పట్టుకుని మిగతాదంతా చెరిపేస్తుంది. దాని లెక్కలో అవ్వ గోల. అజాన్ గోల. కూతురు గోల. మన ఉగాది వీడియోలో మిగిలేది స్టూడియో గొంతు ఒక్కటే, అదీ యంత్రం పాలిష్ పట్టి తనకు తోచినట్టు పూడ్చిన గొంతు. మన ఊరివాళ్లకు ఇలా చెబితే చాలనుకుంటాం: బిద్రీ హుక్కాబుడ్డిని ఇత్తడి చెంబనుకొని, నల్లగా ఉందని చింతపండు పెట్టి తోమితే ఎలా ఉంటుంది? కోట మట్టితో వచ్చిన ఆ నలుపు మీదే కదా వెండి తీగ కనపడేది. నలుపు పోగొట్టి తెల్లగా మెరుస్తున్నది చూడండి అంటే కార్ఖానా ఉస్తాద్ ఏమంటాడో చౌబారా దాకా వెళ్లి అడిగి రండి.

"అదంతా సరే, ముందు ఫోనుతో రికార్డు చేసి పెట్టుకుందాం, ఉన్నదేదో ఉంటుంది" అని ఒక పెద్దాయన మధ్యేమార్గం చెప్పారు. ఆయన మీద మాకు గౌరవం ఉంది. కానీ అసలు నష్టం జరిగేది అక్కడే. ఎందుకో చెప్పడానికి కొంచెం మేడ మీదికి ఎక్కాలి.

మన సభ్యుల పిల్లల్లో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఒకడున్నాడు. రెండేళ్ల కిందట ఇంటి మేడ మీద రెండు అల్యూమినియం కడ్డీలను వి ఆకారంలో కట్టి, పెన్‌డ్రైవ్ అంత ఉండే రేడియో రిసీవరును లాప్‌టాప్‌కు తగిలించి, అమెరికావాళ్ల నోవా వాతావరణ ఉపగ్రహాల సంకేతాలు పట్టేవాడు. సుమారు 850 కిలోమీటర్ల ఎత్తులో అవి పోతుంటాయి, మన నెత్తిమీద నుంచి దాటడానికి పది పన్నెండు నిమిషాలు. 137 మెగాహెర్ట్జ్ దగ్గర గడియారం కొట్టుకున్నట్టు టిక్కు టిక్కుమని మోత. ఆ మోతే బొమ్మ. 2400 హెర్ట్జ్ స్వరం ఒకటి ఉంటుంది, దాని హెచ్చుతగ్గులే తెలుపు నలుపు. సెకనుకు రెండు గీతలు. ఆ మోతను కంప్యూటర్ సౌండుకార్డు గుండా డీకోడరుకు వినిపిస్తే మబ్బులు, తీరం, సముద్రం గీత తర్వాత గీతగా తెరమీదికి వస్తాయి.

2025లో ఆ ఉపగ్రహాలను ఆపేశారు. నోవా 18ని జూన్‌లో, నోవా 19ని, 15ని ఆగస్టులో. ఆకాశంలో ఆ టిక్కు టిక్కు ఇక లేదు. మన కుర్రాడి హార్డ్ డిస్కులో ఉంది. వచ్చిన బొమ్మలను మాత్రమే దాచుకుని శబ్దాన్ని చెరిపేసినవాళ్లకు ఆ బొమ్మలే మిగిలాయి. వీడు శబ్దాన్ని కుదించకుండా వేవ్ ఫైలుగా దాచాడు. అందుకని ఇవాళ కూడా అదే సంకేతాన్ని తిరిగి నడిపిస్తాడు, కొత్త డీకోడరు వస్తే దానిలో పెడతాడు, అప్పట్లో వంకరగా వచ్చిన బొమ్మను నిటారుగా తీస్తాడు. వంకర ఎందుకొచ్చిందంటే సౌండుకార్డు లోపలి గడియారం కాస్త తేడాగా నడిచింది. సెకనుకు ఇన్ని నమూనాలు తీస్తానని చెప్పి పిసరంత ఎక్కువో తక్కువో తీసినా, నిమిషాలు గడిచేకొద్దీ బొమ్మ పక్కకు ఒరిగిపోతుంది. ఎంత ఒరిగిందో కొలిస్తే ఎంత తేడానో తెలుస్తుంది, సరిచేయొచ్చు. మూలం చేతిలో ఉంటేనే.

ఒక సాయంత్రం మేము అతని ఇంట్లో కూర్చుని చేసి చూశాం. ఆ ఫైలునే రెండు రకాలుగా నడిపించాం. మొదట కంప్యూటర్ లోపలే, ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో ప్రోగ్రాముకు, మధ్యలో గాలి తగలకుండా. దానికి వర్చువల్ కేబుల్ అని ఉంటుంది, ఉచితం. బొమ్మ శుభ్రంగా వచ్చింది. రెండోసారి స్పీకరులో మోగించి ఎదురుగా ఫోను పెట్టి, ఆ ఫోను రికార్డింగును డీకోడరులో వేశాం. గది గోడల ప్రతిధ్వని, ఫ్యాను గాలి, ఫోనులో మాటల కోసం పెట్టిన శబ్ద నివారణ, అన్నీ కలిసి మబ్బుల అంచులను పిండి చల్లినట్టు చెదరగొట్టాయి. ఆ శబ్ద నివారణకు మనిషి మాట ఒక్కటే కావాలి. ఎడతెగకుండా మోగే స్వరం వినపడితే అది మోటారో ఫ్యానో అనుకుని నొక్కేస్తుంది. తంబురా శ్రుతి కూడా ఎడతెగకుండా మోగే స్వరమే. సంగీత కచేరీ టేపులను ఫోను ముందు పెట్టాలనుకుంటున్నవాళ్లు ఆ మాట గుర్తుంచుకోవాలి.

ఉపగ్రహం విషయంలో నష్టం కంటికి కనపడింది కాబట్టి ఒప్పుకున్నాం. టేపు విషయంలో చెవికి తెలియదు, అంతే తేడా. అవ్వ గొంతులోనూ అదే పిండి పడుతుంది.

కొందరి వాదన ఇంకోటి: మీడియం వేవ్ రేడియోలో ఉండేదే 4, 5 కిలోహెర్ట్జ్ దాకా, దానికి ఇంత హంగామా ఎందుకు? స్టేషనుకూ స్టేషనుకూ మధ్య 9 కిలోహెర్ట్జ్ ఎడమే కాబట్టి ప్రసారం ఇరుకే, ఆ మాట నిజం. కానీ టేపు మీద ఉన్నది ప్రసారం ఒక్కటే కాదు. మైకుతో ఎక్కించిన ఇంటి శబ్దాలకు ఆ ఇరుకు లేదు. కొన్ని రాత్రి రికార్డింగుల్లో పక్క స్టేషనుతో ఢీకొన్న సన్నటి ఈల ఉంటుంది, అది సరిగ్గా 9 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండాలి. లేదంటే టేపు తప్పు వేగంతో తిరుగుతోందన్నమాట. వార్తలకు ముందు వచ్చే పీప్ పీప్‌లు సెకనుకొకటి. వాటి మధ్య దూరం కొలిస్తే టేపు వేగం తెలిసిపోతుంది. ఉగాది వీడియో ప్లానులో మొట్టమొదట కత్తిరించాలనుకున్నవి ఏవో తెలుసా? "అనవసరమైన పీప్‌లు, ఈలలు". కొలబద్దను విరిచి పొయ్యిలో పెట్టి, తర్వాత కొలతలు రావడం లేదని ఏడవడం.

కరెంటు గుంయ్‌మనే శబ్దాన్ని కూడా కొలబద్దగా వాడేవాళ్లున్నారు, కొన్ని దేశాల్లో కోర్టుల్లో రికార్డింగు తేదీ తేల్చడానికి కూడా. మన దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ రోజుల్లో మన గ్రిడ్డు 50 హెర్ట్జ్ మీద ఎక్కడ నిలిచింది గనుక!

ఇక ఎలా చేయాలి. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు, ఓపిక కావాలి. టేపుడెక్కు లైన్ అవుట్ నుంచి వైరు నేరుగా కంప్యూటర్ లైన్ ఇన్‌లోకి పోవాలి. డెస్క్‌టాప్ వెనక నీలం రంధ్రం లైన్ ఇన్, గులాబీ రంగుది మైకు. గులాబీలో పెడితే సంకేతం తట్టుకోలేక పగిలిపోతుంది. లాప్‌టాప్‌కు ఉండే ఒంటి రంధ్రం చాలావాటిలో మైకుదే, స్టీరియో కూడా కాదు. దానికి లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండుకార్డు కొనాలి. గట్టిగా చూస్తే రెండు మీటింగుల టిఫిన్ల ఖర్చు. విండోస్‌లో సౌండు సెట్టింగులకు వెళ్లి "ఎన్‌హాన్స్‌మెంట్స్" అన్నవి మొత్తం ఆపేయాలి. మైకు బూస్టు, ఆటోమేటిక్ గెయిన్ అన్నీ. విజయవాడ రాత్రిపూట ఉబ్బుతూ తగ్గుతూ వచ్చేదన్నాం కదా, ఆటోమేటిక్ గెయిన్ ఆ ఆటుపోట్లను చదును చేసి, గొంతు తగ్గినచోట చప్పుడును పైకి లాగుతుంది. మోత ఎంత గట్టిగా వచ్చినా సూచిక మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూడాలి. పైకప్పుకు తగిలి తెగిన శబ్దం మళ్లీ అతకదు. చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపితే గుంయ్ చాలావరకు తగ్గుతుంది.

డెక్కు తల స్పిరిటుతో తుడవాలి. టేపును ఒకసారి ఈ కొసనుంచి ఆ కొసకు తిప్పి వదులు చేయాలి. అన్నింటికంటే ముందు క్యాసెట్టు వెనక వీపున ఉండే రెండు ప్లాస్టిక్ పళ్లు విరిచేయాలి. లేకుంటే ఎవరో ప్లే అనుకొని రికార్డు మీట నొక్కుతారు, అంతటితో కథ కంచికి. తలను పక్కనున్న చిన్న మరతో కాస్త అటూ ఇటూ తిప్పి, ఆ టేపు స్ఫుటంగా వినపడేచోట ఆపాలి. ఏ ఇంటి సెట్టులో ఎక్కిందో ఆ సెట్టు వంపు ఆ టేపుకు ఉంటుంది. ఆ తర్వాత ఆడాసిటీలాంటి ఉచిత ప్రోగ్రాంలో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా ఎక్కించి, ముట్టుకోకుండా దాచాలి. ప్రపంచంలో శబ్ద భాండాగారాలు నడిపేవాళ్ల సంస్థ ఐఎఎస్ఎ కనీస ప్రమాణంగా చెప్పేది ఇదే, వీలైతే 96 అంటుంది. 48 మీద ఒక సి-90 క్యాసెట్టుకు గిగాబైటున్నర. వంద క్యాసెట్లకు దాదాపు 156 గిగాబైట్లు. ఒక టెరాబైటు డిస్కులో మూల కూడా నిండదు. రెండు డిస్కులు కొని రెండిళ్లలో పెడదాం. ఆ ఫైలుకు కాపీ తీసి, ఆ కాపీ మీద ఎవరికి కావలసిన యాప్ వాళ్లు ప్రయోగించుకోండి. ఉగాది వీడియో చేయండి, పాటలు కలపండి, మేమే వచ్చి చప్పట్లు కొడతాం. వాట్సాప్‌లో పంపేది కూడా ఆ కాపీయే. పంపినదాన్ని తిరిగి దింపుకొని మూలం అనుకోవద్దు.

వంద సి-90లంటే 150 గంటలు. ఇది నిజమైన అడ్డంకి, దాన్ని మేము దాటవేయం. టేపు తన వేగంతోనే తిరుగుతుంది, దాన్ని తొందరపెట్టలేం. ఆదివారానికి మూడు టేపులు చొప్పున చేస్తే ఎనిమిది నెలలు. ఈ ఉగాదికి అన్నీ కావు. నాలుగు అవుతాయి, నాలుగే వినిపిద్దాం.

"ఇవన్నీ యూట్యూబులో ఉన్నాయి, ఆకాశవాణి దగ్గర ఉన్నాయి" అనే మాట మీటింగులో గట్టిగానే వినపడింది. పాటలు ఉన్నాయి, పేరున్న నాటకాలు కొన్ని ఉన్నాయి. ధరవరలు, రైతులకు సూచనలు, "అంతరాయానికి చింతిస్తున్నాం" అన్న ప్రకటన ఎవరు దాస్తారు? పెద్ద సంస్థలు ఏం దాస్తాయో ఏం దాచవో చూడాలంటే బీబీసీనే చూడండి. 1960లలోని డాక్టర్ హూ అనే సీరియల్ ఎపిసోడ్లు దాదాపు వంద వాళ్లే చెరిపేశారు. బొమ్మలు పోయాయి. శబ్దం మాత్రం ప్రతి ఎపిసోడుకూ దొరికింది, ఎందుకంటే ఇంట్లో టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టుకున్న కుర్రాళ్లు ఉన్నారు. సంస్థ పారేసినదాన్ని ఇంటివాళ్లు దాచారు. మన గోదాంలో ఉన్న పెట్టెలు ఆ జాతివే.

హక్కుల గురించి అడిగినవాళ్లు సరైన ప్రశ్న వేశారు. మన కాపీరైటు చట్టంలో ప్రసారం మీద ప్రసార సంస్థకు ఉండే హక్కు 25 ఏళ్లు. కానీ లోపలి పాటకూ నాటకానికీ రాసినవారు పోయాక 60 ఏళ్లు. కాబట్టి మొత్తం తీసుకెళ్లి ఇంటర్నెట్‌లో కుమ్మరించాలని మేము అనడం లేదు. దాచడం వేరు, పంచడం వేరు. ఇంట్లోవాళ్ల గొంతులు ఉన్న టేపులైతే ఆ ఇంటివారిని అడగకుండా హాలులో కూడా మోగించకూడదు. ఉగాది ప్లానులో ఆ ఊసే లేదు.

ఇంత ఎందుకు పట్టుబడుతున్నామో కూడా చెప్పాలి. మన పిల్లలు కన్నడ చదువుతారు, ఇంగ్లీషు చదువుతారు, మంచిదే, ఈ ఊళ్లో బతకాలి. తెలుగు చదవగలిగినవాళ్లు మన సంఘం పిల్లల్లో ఎంతమంది? చేతివేళ్ల మీద లెక్కపెట్టి చెప్పండి. వేమన పద్యాల పోటీకి పద్యాలను కన్నడ లిపిలో రాసిచ్చింది మనమే కదా. ఆ పిల్లలకు లైబ్రరీలో పుస్తకం ఇస్తే మూసి పెడతారు. అవ్వ గొంతు వినిపిస్తే తల తిప్పుతారు. ఆ ఇంజనీరింగ్ కుర్రాడు తెలుగు చదవలేడు. ఆ రాత్రి ఉపగ్రహం పని అయ్యాక మేము తెచ్చిన క్యాసెట్టు ఒకటి లైన్ ఇన్‌లో పెట్టి, తెరమీద అలలు కదులుతుంటే చూస్తూ, "అంకుల్, ఈమె 'మాడుతున్నది' అన్న తీరు మా నాయినమ్మ తీరే" అన్నాడు. ఏఐ యాప్ చెరిపేది ఆ వాక్యాన్నే.

ఇప్పుడు అడిగేది మూడే మాటలు. తీర్మానాన్ని వచ్చే మీటింగు వరకు ఆపండి. డెక్కు మా దగ్గర ఒకటుంది, ఇంకొకటి ఎవరింట్లో అటక మీదైనా ఉంటే దింపండి. బెల్టు సాగిపోయి ఉన్నా పరవాలేదు, మార్చవచ్చు. ఆదివారం పొద్దున పదింటికి హాలులో కూర్చుంటాం. టేపులిచ్చిన ఇళ్లవాళ్లు వస్తే ఏ టేపు ఎవరిదో, ఏ ఏడాదిదో పెన్సిలుతో రాసుకుందాం. ఆ సంగతులు తెలిసిన పెద్దలు ఎక్కువమంది లేరు.

కుర్చీలు మా ఇంటి వరండాలో పెట్టుకోండి, అద్దె అడగం. గోదాం తాళంచెవి ప్రస్తుతం ఎవరి దగ్గరుందో కింద కామెంట్లో చెప్పండి. కబాడీ బండి మన గల్లీలోకి శుక్రవారం వస్తుంది.